ఎక్కించిన కణాలు ఎక్కడున్నాయి?

కంట్లో సున్నమో యాసిడో పడి నల్లగుడ్డు తెల్లబారిపోయినవాళ్లకు మూలకణాలతో చూపు తెప్పించే పని హైదరాబాద్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ శతాబ్దం మొదటి నుంచీ సాగుతోంది. రెండో కన్ను బాగుంటే, అందులో నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు నుంచి చాలా చిన్న ముక్క తీసుకుంటారు. మొదట్లో ఆ ముక్కలోని కణాలను ప్రయోగశాలలో పెంచి, పొరలాగా తయారయ్యాక దెబ్బతిన్న కంటికి అతికించేవారు. పెంపకం అక్కర్లేకుండా ఆ ముక్కనే తునకలు చేసి నేరుగా కంటి మీద పరిచే పద్ధతిని డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రకటించింది. ఆ తర్వాత డాక్టరు రోగిని స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి చూస్తారు. తునక చుట్టూ కొత్త పొర పాకుతోందా, పాకుతున్నది మధ్యలో ఆగిందా, అంచు నుంచి రక్తనాళాలు మళ్లీ లోపలికి వస్తున్నాయా అన్నది ఎదురుగానే కనబడుతుంది. మూలకణ చికిత్సల్లో ఇంతటి భాగ్యం ఒంటి లోపలి ఏ అవయవానికీ లేదు.

గుండెకూ కాలేయానికీ మెదడుకూ వెన్నుపాముకూ అలాంటి కిటికీ లేదు. సిరంజిలో కోటో రెండు కోట్లో కణాలు నింపి లోపలికి ఎక్కిస్తారు. సూది బయటికి వచ్చిన క్షణం నుంచి వాటి కబురు తెలియదు. మూడు నెలలైనా రోగికి గుణం కనిపించలేదనుకుందాం. కణాలు చేరాల్సిన చోటికి చేరలేదా? చేరి చచ్చిపోయాయా? బతికే ఉన్నా పని చేయలేదా? అసలు ఆ జబ్బుకు ఆ కణాలు మందే కాదా? మొదటిది సూది పట్టిన చేతి పొరపాటు, చివరిది ఆలోచనలోనే ఉన్న పొరపాటు. ఏది ఏదో తేల్చుకోకుండా ‘ప్రయోగం విఫలం’ అని రాసేస్తే మంచి చికిత్సను పారేసుకోవచ్చు, పనికిరానిదాన్ని ఏళ్ల తరబడి పట్టుకు వేలాడవచ్చు. అందుకే గత పాతికేళ్లుగా కొందరు శాస్త్రవేత్తలు కణాలకు ఇనుప ధూళిని తినిపించి, ఎమ్మారై స్కాన్‌లో వాటి జాడ తీస్తున్నారు. ఆ పని ఎంత దూరం వచ్చింది, ఎక్కడ చిక్కుకుంది అన్నది ఇప్పుడు బేరీజు వేసుకోవాల్సిన విషయం.

ముందుగా ఒక మాట. తెలుగులో ప్రాణమున్న కణాన్నీ, ప్రాణం లేని పదార్థపు కణాన్నీ ఒకే పేరుతో పిలుస్తాం. ఇక్కడ ఆ రెండూ పక్కపక్కన, ఒకటి మరొకదాని కడుపులోనే ఉంటాయి. కాబట్టి ప్రాణమున్నదాన్ని కణం అనీ, ఇనుప తునకను రేణువు అనీ అంటాను.

ఈ రేణువులు ఇనుమూ ఆక్సిజనూ కలిసిన పదార్థమే. సూదంటురాయిలో ఉండేదీ దాదాపు ఇదే. సూదంటురాయిని పొడి చేస్తే ప్రతి తునకా మళ్లీ ఒక చిన్న సూదంటురాయే అవుతుంది. అలా పొడి చేస్తూ పోయి, తునక ఇరవై ముప్పై నానోమీటర్ల దిగువకు వచ్చిందంటే స్వభావం మారిపోతుంది. ఒంటి వేడికే దాని లోపలి అయస్కాంత దిశ క్షణక్షణం తిరగబడుతూ ఉంటుంది. దగ్గర్లో అయస్కాంతం లేనంతసేపూ మొత్తం మీద సున్నా. అయస్కాంతం పెట్టగానే అన్ని తునకలూ ఒకేసారి అటు తిరుగుతాయి, తీసేయగానే మళ్లీ మామూలైపోతాయి. ఇలా ఎందుకు జరుగుతుందో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ నేల్ 1949లో లెక్కకట్టి చెప్పారు. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది. వైద్యానికి ఈ గుణం ప్రాణావసరం. మామూలు అయస్కాంతపు పొడి అయితే రక్తంలో ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి నాళాలను మూసేస్తుంది. ఈ రేణువులు యంత్రంలో ఉన్నంతసేపే అయస్కాంతాలు, బయటికి రాగానే కావు. ఇవి మరీ అంటుకోకుండా పైన డెక్స్‌ట్రాన్ లాంటి చక్కెర జాతి పదార్థంతో పూత వేస్తారు.

ఎమ్మారైలో ఇవి ఎలా కనిపిస్తాయో చెప్పాలంటే కోలాటం గుర్తు తెచ్చుకోవాలి. ఆసుపత్రుల్లో మామూలుగా ఉండే 1.5 టెస్లా యంత్రపు అయస్కాంత బలం భూమి అయస్కాంతానికి దాదాపు 30 వేల రెట్లు. అందులో పడుకున్న మనిషి ఒంట్లోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలు ఒకే తాళానికి తిరుగుతాయి. అందరి కోలలూ ఒకేసారి పడితేనే చప్పుడు వీధి చివరికి వినిపించినట్టు, ఆ కేంద్రకాలన్నీ ఒకే తాళంలో ఉన్నంతసేపే యంత్రానికి సంకేతం అందుతుంది. వలయం మధ్యలో ఎవరో వేరే డప్పు మొదలుపెట్టారనుకోండి. దగ్గరున్నవాళ్ల తాళం ముందు తప్పుతుంది, తర్వాత వాళ్ల పక్కవాళ్లది. ఇనుప రేణువు ఆ రెండో డప్పు. దాని చుట్టూ ఉన్న నీటి కేంద్రకాలు తాళం తప్పుతాయి, సంకేతం పడిపోతుంది, బొమ్మలో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. రేణువు ప్రభావం దాని ఒంటికే పరిమితం కాదు, చుట్టూ ఎంతో దూరం పాకుతుంది. కాబట్టి మచ్చ కణం కన్నా చాలా పెద్దగా ఉంటుంది. స్కాన్‌లోని ఒక్కో గడి కణానికి ఎన్నో రెట్లు ఉన్నా కణాల జాడ తెలియడానికి ఇదే కారణం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఎరిక్ షాపిరో, అలన్ కొరెట్‌స్కీ బృందం 2004లో ఒక్క కణాన్ని కూడా ఎమ్మారైలో పట్టుకోవచ్చని చూపింది. వాళ్లు వాడినవి మైక్రాన్ పైబడిన పెద్ద రేణువులు, పైన ప్లాస్టిక్ పూత. ఆ ప్లాస్టిక్ ఒంట్లో కరగదు కాబట్టి మనుషులకు ఆ దారి పనికిరాలేదు.

కణాలకు ఇనుము తినిపించే పని చూడ్డానికి ఎంతో సాదాగా ఉంటుంది. పెంపకపు సీసాలో అడుగున పరుచుకుని ఉన్న కణాల మీద గులాబీ రంగు పోషక ద్రవం ఉంటుంది. అందులో ఇనుప రేణువుల మందు కలిపితే ద్రవం టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. సీసాను 37 డిగ్రీల వెచ్చటి పెట్టెలో రాత్రంతా ఉంచుతారు. కణాలు చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్కలు గుక్కలుగా లోపలికి తీసుకుంటూ, దాంతోపాటు రేణువులనూ మింగుతాయి. పొద్దున రెండు మూడుసార్లు కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబు అడుగున కణాలు బొట్టులా చేరతాయి. ఇనుము తినని కణాల బొట్టు పాలిపోయి ఉంటుంది, తిన్నదాని రంగు తుప్పురంగు. నిజంగా లోపలికి వెళ్లిందా, పైనే అంటుకుందా అన్న అనుమానం తీర్చుకోవడానికి ఓ చుక్కను గాజుపలక మీద పరిచి పెర్ల్స్ రంగు వేస్తారు. జర్మనీ వైద్యుడు మాక్స్ పెర్ల్స్ 1867లో చెప్పిన పరీక్ష ఇది. పొటాషియం ఫెర్రోసయనైడ్, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయగానే ఇనుము ఉన్నచోట నీలం తేలుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి కణంలో, కేంద్రకం చుట్టూ నీలం చుక్కలు ముసురుకుని ఉంటాయి. నూటయాభై ఏళ్ల నాటి ఈ రసాయనం నీలం చూపిస్తేనే ఈనాటి నానో ప్రయోగం ముందుకు కదులుతుంది.

అన్ని కణాలూ ఇష్టంగా మింగవు. మాక్రోఫేజ్‌లు కనబడినదాన్నల్లా మింగే రకం, వాటితో ఇబ్బంది లేదు. మూలకణాలు, టి కణాలు మొండికేస్తాయి. డెక్స్‌ట్రాన్ పూతకూ కణపు పొరకూ రెండింటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. మధ్యలో ధనావేశమున్న దళారీ కావాలి. మొదట పాలీలైసిన్ వాడారు. జోసెఫ్ ఫ్రాంక్ బృందం 2004లో దాని స్థానంలో ప్రొటమిన్ సల్ఫేట్ పెట్టింది. గుండె ఆపరేషన్లలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావాన్ని విరిచేయడానికి ఏళ్లుగా వాడుతున్న మందు అది. కొత్త పదార్థం కనిపెట్టడం కన్నా ఈ మార్పు విలువైనదని నా అభిప్రాయం. ఆసుపత్రి మందుల గదిలో ఉన్నవాటితోనే పని జరిగితే, మనుషుల దాకా రావడానికి పట్టే ఏళ్లు తగ్గుతాయి.

ఇనుము ఎక్కువైపోదా అన్న భయం సహజం. గుర్తు వేసిన కణంలో సాధారణంగా 10 నుంచి 20 పికోగ్రాముల ఇనుము ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఒక ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌లో ఉండే ఇనుము దాదాపు 0.1 పికోగ్రాము. అంటే గుర్తు వేసిన ఒక్కో కణం వంద నుంచి రెండు వందల ఎర్ర కణాల ఇనుమును మోస్తోందన్నమాట. కణం వైపు నుంచి చూస్తే అది బరువే. ఒంటి వైపు నుంచి చూస్తే ఏమీ కాదు. పది కోట్ల కణాలు ఎక్కించినా మొత్తం 2 మిల్లీగ్రాములు దాటదు, ఒక సీసా రక్తం ఎక్కిస్తే అందులో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. కణం చచ్చిపోయాక మాక్రోఫేజ్ ఆ రేణువులను కరిగించి ఒంట్లోని ఇనుము ఖాతాలో జమ చేస్తుంది. ఒంట్లోకి ఏ కొత్త పదార్థం పంపినా ముందు వచ్చేది విషప్రభావం మాట కాబట్టి ఈ లెక్క చెప్పాల్సి వచ్చింది. మోతాదు మించనంతవరకు చాలా రకాల కణాలు గుర్తు మోస్తూనే మామూలుగా బతికాయి, విభజన చెందాయి. ఒక్క మినహాయింపు మాత్రం మరవకూడదు. జాన్స్ హాప్‌కిన్స్‌లో 2004లో చేసిన పనిలో, ఇనుము తిన్న మజ్జ మూలకణాలు కొవ్వుగా, ఎముకగా మారగలిగాయి కాని మృదులాస్థిగా మారడానికి ఇనుము అడ్డుపడింది. మోకీళ్ల అరుగుదలకు మూలకణాలు వాడాలనుకునేవాళ్లు ఈ గుర్తు వేసే ముందు ఆలోచించాల్సిన సంగతి ఇది.

ఇక మనుషుల్లో జరిగిన ప్రయోగాల దగ్గరికి వస్తే, నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో 2005లో జరిగినదాన్ని ముందు చెప్పాలి. ఈ రంగం మొత్తంలో దాని పక్కన పెట్టదగ్గ పాఠం మరొకటి నాకు కనబడలేదు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లింఫు గ్రంథులకు పాకిన రోగులకు టీకాగా వాళ్ల సొంత డెండ్రైటిక్ కణాలనే అప్పట్లో అక్కడ ఇస్తుండేవారు. క్యాన్సర్ ఆనవాలు నేర్పించిన ఆ కణాలను లింఫు గ్రంథిలోకి ఎక్కిస్తే, అక్కడి నుంచి పక్క గ్రంథులకు నడిచి వెళ్లి టి కణాలకు శత్రువును చూపిస్తాయన్నది ఆశ. యోలాండా డి వ్రీస్, కార్ల్ ఫిగ్డోర్ బృందం కొన్ని కణాలకు ఇనుప రేణువులు, కొన్నింటికి రేడియోధార్మిక ఇండియం గుర్తుగా వేసి కలిపి ఎక్కించింది. గుడ్డిగా ఎక్కించలేదు. అనుభవమున్న రేడియాలజిస్టు అల్ట్రాసౌండ్ తెర మీద గ్రంథిని చూస్తూ, సూది మొన దారిని గమనిస్తూ మందు వదిలారు. ఆ గ్రంథులను ఎలాగూ ఆపరేషన్ చేసి తీసేయాల్సి ఉంది కాబట్టి, స్కాన్‌లో చూసింది నిజమా కాదా అని తర్వాత విప్పి చూసుకునే వీలూ దొరికింది.

రెండు రోజుల తర్వాత తీసిన ఎమ్మారైలో తేలిందేమిటంటే, ఎనిమిది మందిలో నలుగురికి కణాలు గ్రంథిలో పడలేదు. పక్కనున్న కొవ్వులోనో, చుట్టూ ఉన్న కణజాలంలోనో పడ్డాయి. ఇండియం గుర్తు చూపించే స్కాన్ ఆ ప్రాంతంలో వెలుగు మాత్రం చూపించింది, గ్రంథి లోపలా బయటా అని చెప్పగలిగేంత స్పష్టత దానికి లేదు. కళ్లముందు తెర పెట్టుకుని, చేయి తిరిగిన మనిషి వేసిన సూదే సగం మందిలో గురి తప్పింది. అంతకుముందు ఇలాంటి టీకా ఇచ్చి, గుణం రాలేదని పక్కన పెట్టిన రోగుల్లో ఎంతమందికి అసలు మందే అందలేదో ఎవరు చెప్పగలరు? ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నన్ను కుదిపేసింది ఈ ప్రశ్నే. ఇప్పటికీ కణ చికిత్స ఫలితాల పట్టిక ఏది చూసినా ముందు అదే గుర్తొస్తుంది.

తర్వాతి ఏడాది చైనాలోని షాంఘై వైద్యులు, తలకు దెబ్బ తగిలిన రోగి మెదడు నుంచే తీసి పెంచిన నాడీ మూలకణాలకు ఫెరిడెక్స్ అనే ఇనుప మందుతో గుర్తు వేసి తిరిగి మెదడులో పెట్టి, వాటి నల్లటి జాడను వారాల తరబడి చూశారు. ఏడో వారానికల్లా ఆ జాడ మాసిపోయింది. కణాలు విభజన చెంది ఇనుము పంచుకుపోయిందా, చచ్చిపోయాయా అన్నది బొమ్మ చెప్పలేదు. జెరూసలేంలోని హడాసా ఆసుపత్రిలో మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్ఎస్ అనే నాడీ జబ్బులున్న రోగులకు ఎక్కించిన మజ్జ కణాల్లో కొన్నింటికి ఇలాగే గుర్తు వేసి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఈ రెండింటి గురించీ ఇంతకన్నా చెప్పడానికి లేదు. కణాలు ఉన్నాయని చూపించాయి, రోగి కోలుకోవడంతో వాటికి ముడి వేయలేకపోయాయి.

కాస్త ఎక్కువ చెప్పాల్సింది మధుమేహం గురించి. టైప్ 1 మధుమేహంలో, క్లోమంలోని ఐలెట్లనే ముద్దల్లో ఇన్సులిన్ చేసే కణాలు నశిస్తాయి. చనిపోయిన దాత క్లోమం నుంచి ఐలెట్లు తీసి, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కించే పద్ధతికి 2000లో కెనడాలోని ఎడ్మంటన్ ఫలితాలతో ఊపు వచ్చింది. రక్తం తగలగానే ఐలెట్ల చుట్టూ గడ్డలు కట్టి, వాపు వచ్చి, ఎక్కించినవాటిలో చాలా భాగం మొదటి రోజుల్లోనే పోతాయని అప్పటికే అనుమానం. 2008లో జెనీవా వైద్యులు, 2010లో ప్రాగ్ వైద్యులు రెసోవిస్ట్ అనే ఇనుప మందుతో గుర్తు వేసిన ఐలెట్లను కాలేయంలో నల్లటి చుక్కలుగా చూశారు. ఐలెట్ ఒంటరి కణం కాదు, వెయ్యీ రెండు వేల కణాల ముద్ద. కాబట్టి చుక్కలను లెక్కపెట్టవచ్చు. ప్రాగ్ బృందం లెక్కపెట్టింది. మొదటి వారంలోనే చుక్కలు బాగా తగ్గాయి, ఆ తర్వాత 24 వారాల దాకా ఇంచుమించు నిలకడగా ఉన్నాయి. ఈ చిత్రం ఏ రక్తపరీక్షా ఇవ్వలేదు. నష్టం మొదటి వారానిదేనని తెలిస్తే కాపాడే ప్రయత్నమంతా ఆ వారం మీదే పెట్టవచ్చు. ఈ పద్ధతికీ ఒక హద్దుంది. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసీమియా రోగుల్లోలాగా కాలేయంలో ముందే ఇనుము నిండి ఉంటే వెనక తెరే నల్లగా ఉంటుంది. నల్ల తెర మీద నల్ల చుక్క కనబడదు.

ఐలెట్ల విషయంలో చుక్క మాయమైతే ఐలెట్ పోయిందని దాదాపు చెప్పవచ్చు. ఎందుకంటే కాలేయంలోని మాక్రోఫేజ్‌లైన కుఫర్ కణాలు విడిపోయిన ఇనుమును త్వరగా సర్దేస్తాయి. గుండెలో కథ తిరగబడింది. జాన్స్ హాప్‌కిన్స్‌లో తెరోవిటిస్ తదితరులు ఎలుక గుండెల్లో గుర్తు వేసిన మూలకణాలు పెట్టి మూడు వారాలు చూసి 2008లో ఫలితం ప్రకటించారు. ఎమ్మారైలో నల్లటి మచ్చ పదిలంగా ఉంది. కోసి చూస్తే పెట్టిన కణాలు దాదాపు లేవు. పెర్ల్స్ నీలం దండిగా ఉంది, అయితే అది ఉన్నది మాక్రోఫేజ్‌ల కడుపులో. మూలకణం చచ్చిపోయింది, దాని శవాన్ని తిన్న భక్షక కణం అక్కడే కూర్చుంది, ఇనుము చేతులు మారింది. బొమ్మ మాత్రం మారలేదు. అంతకు ఏడాది ముందు ఇజ్రాయెల్ నుంచి వచ్చిన పరిశోధన కూడా ఇదే చెప్పింది.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు దీన్ని ఒక పరిమితిగా పేర్కొని ముందుకు సాగిపోతుంటారు. నాకు అది సరి అనిపించదు. కణాలు బతికున్నాయా అన్నదే రోగికి కావాల్సిన ప్రశ్న. దానికి తప్పు జవాబు ఇచ్చే సాధనాన్ని ఆ ప్రశ్నకు వాడకూడదు. దీనికి తోడు, కణాలు ఎక్కించేది తరచుగా దెబ్బతిన్న చోటనే. గుండెపోటు వచ్చిన కండరంలో, పక్షవాతం వచ్చిన మెదడులో ముందే చిందిన రక్తం ఉంటుంది. ఆ రక్తపు ఇనుమూ నల్లగానే కనబడుతుంది. ఎక్కించే ముందు తీసిన స్కాన్ పక్కన పెట్టుకోకుండా ‘ఇదిగో మన కణాలు’ అని చూపించే బొమ్మను నమ్మడానికి లేదు. కణం విభజన చెందిన ప్రతిసారీ ఇనుము సగమవుతుంది. నాలుగైదు తరాలకు గుర్తు మాసిపోతుంది. మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 లాంటి, జన్యువు మార్చిన టి కణాలతో చేసే కార్-టి చికిత్సల్లో కణాలు ఒంట్లో వేల రెట్లు పెరగడమే గుణం. అలాంటిచోట ఇనుప గుర్తు నాలుగు రోజుల ముచ్చటే.

వేరే దారులు లేకపోలేదు. 2005లో హోఫ్‌మన్ తదితరులు జర్మనీలో గుండెపోటు రోగులకు హృదయ ధమనిలోంచి ఎక్కించిన మజ్జ కణాలకు పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 గుర్తు వేసి, గంట తర్వాత గుండెలో మిగిలింది 1.3 నుంచి 2.6 శాతమేనని తేల్చారు. పెట్ అంత నికరంగా లెక్క చెబుతుంది, కాని ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. జిర్కోనియం-89తో మూడు రోజుల పైచిలుకు దక్కుతుంది. ఫ్లోరిన్‌నే రేడియోధార్మికత లేకుండా వాడే ఎమ్మారై ఉంది. మన ఒంట్లో ఎముకల్లో, పళ్లలో తప్ప ఫ్లోరిన్ లేదు, ఉన్నదీ ఎమ్మారైకి కనబడని రూపంలో ఉంది. కాబట్టి కనబడిన ప్రతి వెలుగూ కణాలకు వేసిన గుర్తుదే. ఎరిక్ ఆరెన్స్ బృందం 2014లో పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఈ పని చేసి చూపింది. ఇబ్బందల్లా, ఒక్కచోట లక్షల్లో కణాలుంటేనే ఆ వెలుగు పట్టుబడుతుంది. బతుకూ చావూ చెప్పగలిగేది జన్యువు గుర్తు ఒక్కటే. కణంలో ఒక జన్యువు పెడితే అది చేసే ఎంజైమ్ పెట్ మందును పట్టి ఉంచుతుంది. కణం చస్తే ఎంజైమ్ ఉండదు, విభజన చెందితే పిల్ల కణాలకూ జన్యువు వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో సంజీవ్ గంభీర్ బృందం 2009లో మెదడు కణితి ఉన్న రోగిలో టి కణాలను ఇలాగే చూసింది. ఎలాగూ జన్యువు మార్చే కార్-టి కణాలకు ఇది సరైన జోడీ. మార్చకుండా ఇచ్చే మూలకణాలకు, గుర్తు కోసమే జన్యువు మార్చడం ఎవరూ ఒప్పుకోరు.

ఇనుముకు అతి పెద్ద దెబ్బ శాస్త్రం నుంచి కాదు, అంగడి నుంచి తగిలింది. ఇన్ని ప్రయోగాలూ నడిచింది ఫెరిడెక్స్, రెసోవిస్ట్ అనే రెండు మందుల మీద. కాలేయంలో కణితులు చూడ్డానికని వాటిని తయారుచేశారు. ఫెరిడెక్స్‌కు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. గాడోలినియం మందులు ముందుకొచ్చాక వీటికి గిరాకీ పడిపోయింది. ఫెరిడెక్స్ తయారీ 2008లో ఆగింది, ఆ మరుసటేడు ఐరోపాలో రెసోవిస్ట్ ఆగింది. హాని చేసినందుకు కాదు, అమ్ముడుపోనందుకు. మనుషుల్లో ప్రయోగాలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న సమయమది. ఎంతోమంది చేతిలో అనుమతి కాగితం ఉంది, సీసాలో మందు లేదు. మిగిలింది ఫెరుమోక్సిటాల్. మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చే రక్తహీనతకు సెలైన్‌లో ఎక్కించే ఇనుము అది, 2009లో అనుమతి పొందింది. 2015లో తీవ్రమైన అలర్జీ గురించి, మందు పత్రంలో గడి గీసి ప్రత్యేకంగా చూపే హెచ్చరిక చేరింది. అది నరంలోకి నేరుగా ఎక్కించడం గురించి, సీసాలో కణాలకు తినిపించి కడగడం గురించి కాదు. దీన్ని కణాలు సరిగా మింగవు. 2012లో ఫ్రాంక్ బృందమే హెపారిన్, ప్రొటమిన్, ఫెరుమోక్సిటాల్ మూడింటినీ కలిపితే వాటంతట అవే ముద్దలుగా కట్టుకుని కణంలోకి పోతాయని చూపింది. ఆసుపత్రుల్లో అప్పటికే వాడుకలో ఉన్న సరుకుతో రంగం మళ్లీ ఊపిరి పీల్చుకుంది.

ఈలోగా ఇనుమును చూసే యంత్రమే వేరేది పుట్టింది. హాంబర్గ్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు బెర్న్‌హార్డ్ గ్లైక్, యుర్గెన్ వైజెనెకర్ 2005లో మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్‌ను ప్రకటించారు. ఎమ్మారై నీటిని చూస్తుంది, ఇనుము వల్ల నీటికి కలిగిన గాయాన్ని మచ్చగా చూపిస్తుంది. ఈ యంత్రం నీటిని పట్టించుకోదు, ఇనుమునే వింటుంది. ఒళ్లంతా బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి, ఒక్క బిందువు దగ్గర మాత్రం క్షేత్రం లేకుండా చేస్తారు. మిగతా చోట్ల రేణువులన్నీ ఒకవైపు బిగుసుకుని కదలవు, ఆ బిందువు దగ్గరున్నవి మాత్రం క్షేత్రం ఊపినకొద్దీ ఊగి సంకేతం ఇస్తాయి. బిందువును ఒళ్లంతా తిప్పితే ఇనుము పటం వస్తుంది. చీకట్లో దీపాల్లా కణాలు ఉన్నచోటే వెలుగు, ఎంత ఇనుముంటే అంత వెలుగు. పాత రక్తపు మరకలు దీనికి కనబడవు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో స్టీవెన్ కొనొలీ బృందం 2015లో ఎలుకల మెదడులో పెట్టిన నాడీ కణాలను 87 రోజులు ఇలా చూసింది. ప్రయోగశాలలో 200 కణాల దాకా పట్టగలిగింది. మరుసటేడు అదే బృందం సిరలోంచి ఎక్కించిన మూలకణాలను గమనించింది. అవి నేరుగా ఊపిరితిత్తుల్లో చిక్కుకున్నాయి, తర్వాత ఇనుము కాలేయం వైపు సాగింది.

ఈ చివరి సంగతి మన ఊళ్లకు సంబంధించింది. సెలైన్‌లో మూలకణాలు ఎక్కిస్తాం, అవే మెదడుకు, వెన్నుకు, మోకాలికి దారి వెతుక్కుంటాయని చెప్పి లక్షలు తీసుకునే క్లినిక్కులు నగరాల్లో ఉన్నాయి. రక్తసంబంధమైన జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మజ్జ మూలకణం 15 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది. ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలు అంతకన్నా సన్నం. చేతి సిరలోంచి గుండెకు, గుండె నుంచి ముందు ఊపిరితిత్తులకే రక్తం పోతుంది. ఆ జల్లెడ దాటి మెదడుకు ఎన్ని చేరాయో చూపించమని, అలాంటి చికిత్స చేయించిన ఓ పిల్లవాడి తండ్రి అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత డబ్బు తీసుకున్నవారిది.

కొత్త యంత్రానికీ చావు బతుకులు తెలియవు, మాక్రోఫేజ్ కడుపులోని ఇనుమును కూడా అది లెక్కవేస్తుంది. మనిషి తల పట్టేంత యంత్రాన్ని హాంబర్గ్ శాస్త్రవేత్తలు 2019లో చూపించారు, ఒళ్లంతా పట్టేది ఆసుపత్రులకు ఇంకా రాలేదు. అందుకే ఇనుప గుర్తును మొదటి రోజు సాక్షిగా వాడాలన్నది నా పక్షం. ఎక్కించే ముందు ఒక స్కాన్, ఎక్కించిన మర్నాడు ఒకటి. నైమేగన్‌లో జరిగినట్టు మందు గురి తప్పితే ఆ రోగిని ‘చికిత్స పనిచేయలేదు’ అన్న గడిలో వేయకూడదు. మూడో నెల బొమ్మను బట్టి కణాలు బతికున్నాయని ఎవరూ రాయకూడదు.

మర్నాటి దాకా ఆగాల్సిన పనీ లేకపోవచ్చు. 2007లో జాన్స్ హాప్‌కిన్స్‌లో బ్రాడ్ బార్నెట్, జెఫ్ బుల్టే తదితరులు మానవ ఐలెట్లను సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ గుళికల్లో పెట్టారు. ఇనుమును ఐలెట్లకు తినిపించలేదు, గుళికలోనే కలిపారు. కణం కొత్త బరువు మోయనక్కర్లేదు, రోగనిరోధక కణాలు గుళిక దాటి లోపలికి రాలేవు, ఇన్సులిన్ మాత్రం బయటికి వస్తుంది. పందిని ఎమ్మారై యంత్రంలోనే పడుకోబెట్టి, పోర్టల్ సిరలోకి గొట్టం పంపి, తెర మీద చూస్తూ గుళికలు వదిలారు. కాలేయమంతా నల్లటి చుక్కలు ఒక్కొక్కటే పరుచుకుంటూ రావడం, గొట్టం ఇంకా చేతిలో ఉండగానే, కళ్లెదుట కనిపించింది. మూడు వారాల తర్వాత కూడా ఆ గుళికల్లోని ఐలెట్లు ఇన్సులిన్ చేస్తున్నాయి.